పార్మేశం గారు

న్యూజెర్సీలో పార్మేశం గారిని చూడాలంటే శుక్రవారం సాయంత్రం పేటలోని ఏ ఇటాలియన్ రెస్టారెంటుకి వెళ్లినా చాలు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంకేదో ఉంటుంది. ఎడిసన్‌లో ఒకాయన, ప్లెయిన్స్‌బరోలో ఒకాయన, మన్రోలో ఇద్దరు ఉన్నారు. అందరికీ కలిపి ఈ బిరుదు ఇచ్చింది వాళ్ల ఇల్లాళ్లే. గుర్తుపట్టడం తేలిక. బల్ల దగ్గర అందరూ మెనూ చదువుతుంటే ఆయన ఒక్కడూ దిద్దుతుంటాడు.

ఆయన కొలువుదీరే చోటు పెద్ద గొప్పదేం కాదు. ఓ పక్క లాండ్రీ, ఇంకో పక్క గోళ్లకి రంగులేసే దుకాణం, మధ్యలో ఇది. బల్లల మీద ఎర్ర గళ్ల ప్లాస్టిక్ గుడ్డలు. గోడ మీద హోబోకెన్‌లో పుట్టి ప్రపంచమంతా పాడిన ఫ్రాంక్ సినాట్రా, ఆయన పక్కనే చేతులు కట్టుకుని ఓనరు గారి మామ్మ. ప్రతి బల్ల మీదా మూడు సీసాలు: చీజు పొడి, దంచిన ఎండుమిర్చి, ఒరెగానో. కూచున్న అయిదు నిమిషాల్లో వెన్నా వెల్లుల్లీ ఓడుతున్న గార్లిక్ నాట్స్ బుట్టెడు వచ్చి పడతాయి. మద్యం మాత్రం అమ్మరు. ఈ రాష్ట్రం చట్టం ప్రకారం ఊళ్లో 3,000 మంది జనాభాకి ఒక్క బార్ లైసెన్సే. అది చేతులు మారాలంటే చాలా ఊళ్లలో లక్షల డాలర్లు పలుకుతుంది. పేట హోటలు వాడికి అంత స్తోమత ఎక్కడిది? అందుకని సీసా మనల్నే తెచ్చుకోమంటాడు, గ్లాసులు తనిస్తాడు. తెలుగువాడికి ఇటలీ వంట మీద గౌరవం కలగడంలో ఈ చట్టం చేసిన సేవ తక్కువదేం కాదు.

పార్మేశం గారు కాగితం సంచీలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టి, మెనూ అందుకుని నిట్టూరుస్తాడు. అక్కణ్ణుంచి మన ఆకలికి పరీక్ష మొదలు.

"చికెన్ పార్మా? ఇటలీలో ఎవర్నైనా అడగండి, అదేమిటంటారు. వాళ్లకి ఉన్నది వంకాయతో చేసేదే." ఒకటి కొట్టేశారు. "గార్లిక్ బ్రెడ్డా? అది అమెరికా వాళ్ల పైత్యం." ఇది ఆయన రెండో నాట్ తింటూ అన్నమాట. "కాపుచినో ఇప్పుడా? అక్కడ పొద్దున పదకొండు దాటాక ఆ మాటెత్తితే ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు." కాఫీ అడగబోయిన వాడు మంచినీళ్లు తాగి ఊరుకుంటాడు. పక్క సీటులో పిల్లాడు స్పగెటీని ఫోర్కుతో తుంచుతుంటే ఆయన మొహంలో కనిపించే బాధ, ఆ పిల్లాడికి లెక్కల్లో సున్నా వచ్చిన రోజున కూడా కనిపించదు.

ఎవరైనా ఫెట్టుచినీ ఆల్ఫ్రెడో అన్నారా, ఇక ఆ పూట హరికథే. ఆర్డరు రాసుకోడానికొచ్చిన అమ్మాయి కాలేజీలో చదువుకుంటూ రాత్రిళ్లు ఇక్కడ పనిచేస్తుంది. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిలు మొన కాగితానికి ఆనించి నిలబడి ఉంటుంది. రోములో ఆల్ఫ్రెడో డి లెలియో అనే ఆయన, పచ్చి బాలింత అయిన భార్యకి తిండి సయించకపోతే ఒట్టి వెన్నా చీజూ వేసి కలిపిన పాస్తా ఇది అని మొదలుపెడతాడు. 1920లో హాలీవుడ్ జంట మేరీ పిక్‌ఫోర్డ్, డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ హనీమూన్‌కి వెళ్లి అది తిన్నారని, తర్వాత ఆయనకి బంగారు చెంచా, బంగారు ఫోర్కు బహూకరించారని చెప్పేసరికి ఆ అమ్మాయి బరువు ఎడంకాలి మీంచి కుడికాలి మీదకి మార్చుకుంటుంది. "ఇందులో క్రీము ఎక్కడుందమ్మా?" అని ఆయన నిలదీస్తాడు. "వంటింట్లో ఉందండీ, వెయ్యద్దని చెప్పమంటారా?" అంటుందా పిల్ల. "ఉండనీలే, పిల్లలు తింటారు," అంటాడు. తీరా వచ్చాక గిన్నె అడుగు తుడిచేది ఎవరో చెప్పక్కర్లేదు.

పాస్తా వచ్చాక ఒక్క పోగు తీసి కొరికి, కప్పు వంక చూసి తీర్పు చెబుతాడు. "తొంభై సెకన్లు ఎక్కువ ఉడికింది. పంటి కింద తగలాలి." ఇంట్లో అన్నం ఏమాత్రం పలుకుగా ఉన్నా కంచం పక్కకి తోసే మనిషి అని వాళ్లావిడ మనకి మెల్లిగా చెబుతుంది. నియమాలన్నీ అయ్యాక ఎండుమిర్చి సీసా తలకిందులు చేసి పాస్తా ఎర్రబడేదాకా దులుపుతాడు. అదేమిటండీ అంటే, కలాబ్రియా వాళ్లు ఇలాగే తింటారట. ఇటలీ పటంలో మన నాలుక్కి నచ్చిన జిల్లా ఏదో ఒకటి దొరక్కపోదు.

ఈ పాండిత్యం ఎక్కడిదంటే, ఆయన ఇటలీ వెళ్లొచ్చాడు. రోము, ఫ్లోరెన్సు, పీసా, వెనిస్సు. ఏ మాటైనా "మేం రోములో ఉన్నప్పుడు" అనే మొదలవుతుంది. వినేవాళ్లకి ఆయన అక్కడ రెండు ఎండాకాలాలు ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నాడేమో అనిపిస్తుంది. అమ్మానాన్నల్ని వెంట తీసుకెళ్లడం వల్ల మనవాళ్లు నడిపే టూరు బస్సులో వెళ్లారన్నది ఆయన చెప్పని సంగతి. ఆ టూర్లలో రాత్రి భోజనం ఇండియన్ రెస్టారెంట్లో పెట్టిస్తారు, అది కరపత్రంలో పెద్దక్షరాల్లో వేస్తారు కూడా. "రోములో రాజ్‌మా, వెనిస్‌లో పనీరు," అంటుంది వాళ్లావిడ, ఫోర్కుకి నూడుల్స్ చుట్టుకుంటూ. "పీసాలో మాత్రం పులావు. గోపురం లాగే అది కూడా ఓ పక్కకి ఒరిగింది." పార్మేశం గారికి ఆ మాట వినపడదు. అప్పటికి ఆయన ఓనర్ని పిలిపించి మాట్లాడుతుంటాడు.

ఓనరు మూడో తరం వాడు, మొహమాటస్తుడు. "మీ వంట ఏ ప్రాంతానిది? నేపుల్సా, సిసిలీయా?" అని ఆయన పరీక్ష పెడితే, అతను గోడ మీద మామ్మని చూసి, "నెవార్క్ అండీ," అన్నాడు.

దీంతో పార్మేశం గారికి ఉన్న ఒక్క అనుమానమూ తీరిపోయింది. ఆయన దృష్టిలో ఇక్కడ జరిగిందంతా పతనమే. 1880 నుంచి 1924 దాకా నలభై లక్షలకి పైగా ఇటాలియన్లు ఓడలెక్కి అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణాది పల్లెల్లోంచి వచ్చిన పేదలు. అక్కడ పండక్కి తప్ప కంచంలో మాంసం ఎరగని వాళ్లకి ఇక్కడ మాంసం చవగ్గా దొరికింది. దాంతో వంకాయ ఉన్న చోటికి చికెన్ వచ్చి కూచుంది, గోలీకాయంత ఉండ్రాయి నిమ్మకాయంతై స్పగెటీ మీదకెక్కింది. "మూలం మర్చిపోయారు," అంటాడాయన, మూడో మీట్‌బాల్ ఫోర్కుతో కోస్తూ. మరి మొన్న వాళ్లింట్లో మేం తిన్న పప్పులో చింతపండుకి బదులు ఏం పడింది? న్యూజెర్సీ చిత్తడి పొలాల్లో పండిన క్రాన్‌బెర్రీ. "పులుపు బాగా అమరింది కదూ!" అని మెచ్చుకుంటూ మారు వడ్డించుకున్నది ఈయనే. నెవార్క్ మామ్మ వేసిన చికెన్ అపచారం, వాళ్లావిడ వేసిన క్రాన్‌బెర్రీ చమత్కారం.

ఇలా సాగిపోతున్న కొలువుకి ఈ వేసవిలో తెనాలి నుంచి వాళ్లమ్మగారు వచ్చారు. శుద్ధ శాకాహారి. కొడుకు ఓనర్ని ముందే బతిమాలి గుడ్డు తగలకుండా వంకాయ పార్మెజాన్ చేయించాడు. ఆవిడ అనుమానంగా ఓ ముక్క నోట్లో పెట్టుకుని, "వంకాయకి అన్యాయం చెయ్యలేదురా," అంది. తెనాలి ఆవిడ వంకాయ గురించి ఆ మాట అందంటే యునెస్కో గుర్తింపు కింద లెక్క. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

సరిగ్గా అప్పుడే పక్కన కూచున్న కొత్త పెళ్లికొడుకు బల్ల మీది చీజు పొడి అందుకోబోయాడు. పార్మేశం గారు ఆ చెయ్యి పట్టుకున్నాడు. అసలైన పార్మిజానో రెజ్జానో అంటే ఇది కాదని, దాన్ని పార్మా, రెజ్జో ఎమీలియా చుట్టుపక్కల జిల్లాల్లోనే చెయ్యాలని, ఒక్కో చక్రానికి సుమారు 550 లీటర్ల పాలు పోస్తారని, 12 నెలలు మాగితే గానీ ముద్ర వెయ్యరని చెప్పుకొచ్చాడు. "2008లో యూరప్ కోర్టు పార్మెజాన్ అన్న పేరు కూడా యూరప్‌లో ఇంకెవరూ వాడకూడదంది. అంత నిష్ఠ! పాలు విరగడానికి కూడా లేగదూడ కడుపులోంచి తీసిన రెన్నెట్టే వాడాలి, ఇంకోటి పనికిరాదు!"

అమ్మగారి ఫోర్కు గాల్లో ఆగింది.

"దేని కడుపురా?"

పార్మేశం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, అది... అసలు పార్మిజానో సంగతి. ఇది అసలుది కాదమ్మా! ఇక్కడ దొరికేదంతా ఫేక్. అమెరికాలో చీజుకి ఇప్పుడు చాలా చోట్ల వేరే రెన్నెట్టు వాడతారు, దూడకి సంబంధమే లేదు. ఈ హోటల్లో ఒక్కటంటే ఒక్కటి అసలుది ఉంటే ఒట్టు!"

ఏళ్ల తరబడి ఆ హోటల్ని నకిలీ అని తిట్టిన మనిషి, మొదటిసారి మనస్ఫూర్తిగా అది నకిలీ కావాలని కోరుకున్నాడు. కోరిక గొంతు దాటి కాస్త గట్టిగానే బయటికొచ్చింది. తెలుగు రాకపోయినా "పార్మిజానో", "ఫేక్" అన్న రెండు మాటలు ఓనరు చెవిన పడ్డాయి. పాపం, ఎన్ని శుక్రవారాలు ఓర్చుకున్నాడో. వంటింట్లోకి వెళ్లి, తెల్లగుడ్డలో చుట్టిన చీజు చెక్క ఒకటి రెండు చేతులా పట్టుకొచ్చి మా బల్ల మధ్యలో పెట్టాడు. పసుపురంగు తొక్క మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు దీపం వెలుగులో స్పష్టంగా కనిపిస్తున్నాయి. "బల్ల మీది పొడి వేరు సార్. వంటలో నేను వేసేది మాత్రం ఇదే. చదువుకోండి," అన్నాడు.

చదవగలిగింది పార్మేశం గారొక్కడే. చదవకుండా ఉండాల్సిన అవసరం కూడా ఆయనొక్కడికే ఉంది.

అమ్మగారు పళ్లెం మర్యాదగా పక్కకి జరిపింది. "నువ్వు చెప్పేదాకా బాగానే ఉందిరా నాన్నా," అంది. తర్వాత ఏమీ వెయ్యని ఉత్త స్పగెటీ తెమ్మని కోడలిచేత చెప్పించి, చేతిసంచీ తెరిచి, జిప్పు కవర్లోంచి కందిపొడి తీసింది. ఆలివ్ నూనె రెండు చెంచాలు పోసి, ఫోర్కు పక్కన పెట్టి చేత్తో కలిపింది. ఓనరు కదలకుండా చూస్తుంటే అతని అరచేతిలో కూడా కాస్త పోసింది. అతను నాకి, కళ్లు మూసుకుని, "ఇది ఏ ప్రాంతానిది?" అన్నాడు. కొడుకు నోరు తెరిచేలోగా ఆవిడే చెప్పింది: "తెనాలి."

అవమానం జరిగితే ఇంకొకడైతే ఆ వీధి తొక్కడం మానేస్తాడు. పార్మేశం జాతి వేరు. ఇంటికెళ్లి రాత్రంతా చదివాడు. సిసిలీ, కలాబ్రియాల్లో చీజు కొనలేని పేదలు ఎండిన రొట్టెని పొడిచేసి, నూనెలో దోరగా వేయించి పాస్తా మీద చల్లుకునేవారన్న సంగతి తవ్వి తీశాడు. ఆ మాట నిజమే. మరుసటి శుక్రవారానికల్లా కందిపొడి దక్షిణ ఇటలీ పరంపరలో చేరిపోయింది. కొత్త పెళ్లికొడుక్కి ఫోర్కు ఆడిస్తూ చెబుతున్నాడు: "పాస్తా మీద పొడి చల్లుకునే పద్ధతి తెలియనివాణ్ణి సిసిలీలో మనిషికింద లెక్కెయ్యరు." తమ బస్సు రోముకి దక్షిణంగా పోలేదని వాళ్లావిడ గుర్తుచేసింది గానీ అది ఆయనకి వినపడలేదు.

చిటికెడు పొడి నాలిక మీద వేసుకుని, అలవాటు కొద్దీ కప్పు వంక చూశాడు. "బాగానే ఉందమ్మా. కాకపోతే కందిపప్పు ఇంకో తొంభై సెకన్లు వేగాల్సింది."

"ఏడ్చావులే, తిను," అందావిడ.