మిక్సరా, ఇంటర్‌ఫేసా? ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

పాట వేరు తాళవాద్యమ్ము వేరుగా
గూళ్ళ నుంచు పెట్టె కొనుట మేలు
కలుపవచ్చు రేపు గదిలోన గూర్చుండి
విడదు కలిసెనేని వేంకటేశ

అవతారిక. తిరుపతిలో పాడేవాళ్ళకు కొదవ లేదు. సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు, 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు పుట్టిన ఊరు. వీధికొకరైనా ఇంట్లో కీర్తన పాడి యూట్యూబులో పెడుతున్న కాలమిది. వాళ్ళందరికీ మైకు కొన్న మర్నాడే వచ్చే ధర్మసందేహం ఒకటుంది: ఆ మైకును దేనికి తగిలించాలి? బోలెడు నాబులున్న మిక్సరుకా, మైకు శబ్దాన్ని కంప్యూటరుకు చేర్చే, కొద్ది నాబులే ఉన్న ఇంటర్‌ఫేసుకా? ఆ సందేహం తీర్చడానికే ఈ పద్యం అల్లడమైంది. కర్త, వ్యాఖ్యాత ఒకరే కనుక కవిహృదయం తెలియలేదనే సాకు ఈ టీకకు లేదు.

ప్రతిపదార్థం. పాట వేరు = గాయని గొంతు విడిగాను, తాళవాద్యమ్ము వేరుగా = మృదంగం విడిగాను (ఇది ఉపలక్షణం; వయొలిన్, హార్మోనియం, కంజిర కూడా ఇందులోకే వస్తాయి), గూళ్ళన్ = కంప్యూటరులో ట్రాకులనే అరలలో, ఉంచు పెట్టె = దాచిపెట్టే ఆడియో ఇంటర్‌ఫేసును, కొనుట మేలు = కొనడం మంచిది, రేపు = పాడడం ముగిసి ఫ్యాను మళ్ళీ తిరిగే వేళ, గదిలోనన్ కూర్చుండి = ఇంట్లోనే కూర్చుని, కలుపవచ్చు = ఆ ట్రాకులను తగిన పాళ్ళలో కలుపుకోవచ్చు, కలిసెనేని = ముందే ఒకటైపోతే, విడదు = మళ్ళీ విడిపోదు, వేంకటేశ = ఓ వేంకటేశ్వరా! మే నెలలో తిరుపతి ఇళ్ళలో ఫ్యాను ఆపి పాడినవాళ్ళకు ‘రేపు’ అన్న మాట విలువ వేరే చెప్పనక్కర లేదు.

ఇక విషయంలోకి. యమహా ఎంజీ10ఎక్స్‌యూ అనే మిక్సరును తీసుకుందాం. దానికి నాలుగు మైకులు తగిలించవచ్చు, యూఎస్‌బీ తీగ కూడా ఉంది. చూసినవాడు నాలుగు మైకులూ నాలుగు ట్రాకులుగా కంప్యూటరులోకి వెళ్తాయనుకుంటాడు. వెళ్ళవు. ఆ తీగ వెంట పోయేవి రెండే: ఎడమ, కుడి. నాలుగు గొంతులూ లోపలే కలిసి ఆ రెంటిలో సర్దుకుంటాయి. మృదంగం కాస్త పెద్దదైందని రాత్రి తెలిసినా దాన్ని ఒక్కదాన్నే తగ్గించే దారి ఉండదు. పులిహోర కలిపేశాక చింతపండు గుజ్జు వెనక్కి తీయలేనట్టే. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వంటి ఇంటర్‌ఫేసులో మైకులు రెండే, కానీ దేని ట్రాకు దానిదే. పైగా 24 బిట్ల రికార్డింగులో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సిద్ధాంతరీత్యా 144 డెసిబెళ్ళ వెడల్పు ఉంటుంది, 16 బిట్లలో అది 96. అందుకే లెవెలు తగ్గించే పెట్టుకుని, ఆనక పెంచుకోవచ్చు. ఉద్వేగంలో పల్లవి ఎత్తుకున్నప్పుడు గొంతు పగిలినట్టు వినబడే ప్రమాదం తప్పుతుంది.

నిర్ణయాన్ని వాయిదా వేయడం ఒక గుణమా అని అడిగితే, కొండమీదే ప్రమాణముంది. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. సాహిత్యం చెక్కారు, రాగం పేరు చెక్కారు. స్వరం మాత్రం గాయకుల గొంతులోనే ఉండిపోయింది. పరంపర తెగాక ఆ వరసలు చాలావరకు మనకు దక్కలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు కూర్చుని కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. రేకులో పడనిదాన్ని తరవాత రేకును అడిగి లాభం లేదు. అది పోగొట్టుకోవడం, ఇది కలిపేయడం, రెంటికీ పోలికేమిటని తార్కికుడు అడ్డుపడవచ్చు. కారణాలు వేరే, నిజమే. అయితే దాచే నాడు విడిగా దాచనిది అడిగే నాడు విడిగా చేతికి రాదన్న ఫలితం రెండుచోట్లా ఒకటే.

పూర్వపక్షం. చిత్తూరు జిల్లాలో మైకుసెట్టు వాళ్ళంతా మిక్సరే వాడతారు కదా, వాళ్ళకు తెలియదా? బాగా తెలుసు. ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారత ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం జరుగుతాయి. దుర్యోధనుడి పాత్రధారి కేక వేసిన క్షణంలోనే మైకు తగ్గించాలి, హార్మోనియం పెంచాలి. ఎదురుగా కూర్చున్న జనానికి ఆ రాత్రి వినబడడమే దాని ప్రయోజనం, రేపనేదే లేదు. అక్కడ మిక్సరు ధర్మం, ఇంటర్‌ఫేసు అధర్మం. ఇంట్లో అది తలకిందులు. ఇక మిక్సరులోని ఎకో మాట. భక్తిగీతమంటే ఎకో ఉండి తీరాలన్న నమ్మకం మన వైపు బలంగా ఉంది. గుడి మండపంలో పాడినట్టుంటుందని. ఉండనివ్వండి. కానీ ఆ ఎకో రికార్డులోకే ఎక్కితే పాటలో మాటలు ఎంత మసకబారినా తుడవలేరు. పొడిగా పాడి, తరవాత కంప్యూటరులో ఎంత కావాలంటే అంత మండపం కట్టుకోవచ్చు.

ఇంటర్‌ఫేసుతో తన గొంతు తనకే ఆలస్యంగా వినబడుతుందనేది మరో ఆక్షేపణ. లెక్క చూద్దాం. సెకనుకు 48,000 నమూనాలు తీసుకుంటూ 256 నమూనాల బఫరు (కంప్యూటరు ఒక్కో విడతకు పోగుచేసుకునే మూట) పెడితే ఒకవైపు ఆలస్యం సుమారు 5.3 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో ఆరడుగులు పోతుంది. అంటే మార్దంగికుడికి ఆరడుగుల దూరంలో కూర్చున్న గాయని రోజూ భరిస్తున్న ఆలస్యమే అది. వెళ్ళి రావడానికి రెట్టింపు, కాస్త పైమాట. అదీ వద్దనుకుంటే డైరెక్ట్ మానిటర్ మీట నొక్కితే సరి, గొంతు కంప్యూటరు దాకా పోకుండానే చెవికి చేరుతుంది.

ఇన్నిటికంటే గట్టి శంక నాలుగో పాదానికే వచ్చింది. ‘విడదు’ అన్నావు, ఇప్పుడు విడదీసే సాఫ్ట్‌వేర్లున్నాయి కదా? ఉన్నాయి. 2019లో డీజర్ అనే ఫ్రెంచి సంస్థ విడుదల చేసిన స్ప్లీటర్ అటువంటిదే. అయితే దాని నాలుగు అరల పద్ధతిలో ఉండేవి గొంతు, డ్రమ్స్, బేస్, ఇతరాలు. మన కచేరీని దాని ముందు పెడితే వయొలినూ తంబురా ‘ఇతరాల’లో ఒకేచోట పడతాయి. మృదంగం సంగతి ఇంకా చిక్కు: కుడివైపు చాపు డ్రమ్స్ అనుకున్నా, ఎడమవైపు గుంకీ బేస్‌లోకి జారే అవకాశముంది. గాయని గమకాన్ని వయొలిన్ నీడలా వెంటాడే చోట ఏది ఎవరిదో తేల్చడం మనిషి చెవికే కష్టం. కనుక ‘విడదు’ అన్నచోట ‘చక్కగా విడదు’ అని అధ్యాహారం చేసుకోవాలి. కర్త తరఫున ఇంతవరకు ఒప్పుకోవచ్చు.

అన్ని మైకులనూ విడివిడి ట్రాకులుగా పంపే మిక్సర్లు లేవా అంటే, సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే వంటివి ఉన్నాయి. అవి మిక్సరు వేషం కట్టిన ఇంటర్‌ఫేసులే కనుక పద్యానికి విరోధం లేదు, విరోధమంతా జేబుతోనే. కరెంటు విషయంలోనూ ఇంటర్‌ఫేసుదే పైచేయి. చిన్న ఇంటర్‌ఫేసు యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులనే లోపల 48కి పెంచి కండెన్సర్ మైకును నడుపుతుంది. కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పాట ఆగదు, పైగా చార్జరు తీసేస్తే తరచూ వినబడే ఆ గుయ్యిమనే హమ్ కూడా పోతుంది. మొదట చెప్పిన యమహా మిక్సరుకైతే అడాప్టరు, దానికొక ప్లగ్గు కావాలి.

మిగిలింది ఎనిమిది మంది భజన బృందం. ఎనిమిది మైకుల ఇంటర్‌ఫేసు కొనే స్తోమత భజన మందిరానికి ఉండకపోవచ్చు. అటువంటప్పుడు రెండు మైకులు ఎదురుగా నిలబెట్టి, చిన్న గొంతులవాళ్ళను ముందుకు, తాళాలు వాయించేవాళ్ళను వెనక్కి కూర్చోబెట్టాలి. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. నాబులు చేసే పని చాపలు జరిపి చేయవచ్చు. కానీ ఇలా చేస్తే కలపడమంతా పాడకముందే ముగిసిపోతుంది, ‘కలుపవచ్చు రేపు’ అన్న మూడో పాదం నిలవదు. ఆ బృందం కోసం కర్త వేరే పద్యం రాసుకోవలసిందే.