చింతిస్తున్నాము, చింత ఎవరిదో చెప్పము

రైలు నాలుగు గంటలు ఆలస్యం. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అంటుంది స్టేషన్లో మైకు. ఇంతకీ చింతిస్తున్నది ఎవరు? స్టేషన్ మాస్టరా, డివిజన్ మేనేజరా, మంత్రిగారా? వీళ్ళెవరికీ ఆ శ్రమ లేకుండా ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్నారు. రైలు పది నిమిషాలు ఆగినా, మొత్తానికే రద్దయినా ఆ గొంతు ఒకే మోతాదులో చింతిస్తుంది.

ఈ చింత మన ఇంటిది కాదు. మన ఊళ్ళో తప్పు చేసినవాడు 'తప్పయిపోయింది, ఈసారికి కాయండి' అంటాడు, మరీ పెద్ద తప్పయితే నలుగురి ముందు లెంపలేసుకుంటాడు. చింతించేది పెళ్ళీడు కూతురున్న తండ్రి, ఆయన చేసిన తప్పేమీ లేదు. తప్పున్నవాడికి తప్పులేనివాడి మాట తగిలించిన ఘనత ఇంగ్లీషు 'రిగ్రెట్'ది, దాన్ని అలాగే దించుకున్న మన ఆఫీసులది.

సారీ, రిగ్రెట్, అపాలజీ. ఈ మూడింటి మధ్య సన్నని తేడాలున్నాయని పండితులు చెబుతారు. కాలు తొక్కినప్పుడూ సారీయే, చావింటికి వెళ్ళినప్పుడూ సారీయే. మొదటిదాంట్లో నేరం మనది, రెండోదాంట్లో ఎవరిదీ కాదు. రిగ్రెట్ అంటే అలా జరగకుండా ఉండాల్సిందన్న బాధ. అపాలజీ అంటే చేసింది నేనేనని ఒప్పుకోవడం. పాఠం బాగానే ఉంది. కానీ నాకు తెలిసి ఈ తేడాల మీద అసలైన పరిశోధన విశ్వవిద్యాలయాల్లో జరగలేదు, ప్రభుత్వాల న్యాయశాఖల్లో జరిగింది.

జలియన్‌వాలాబాగ్‌నే చూడండి. 1919 ఏప్రిల్ 13న డయ్యర్ సైనికులు 1,650 తూటాలు కాల్చారు. చచ్చిపోయినవాళ్ళు 379 మంది అని బ్రిటిష్‌వారి లెక్క. మన లెక్క అంతకు చాలా ఎక్కువ. నూరేళ్ళు నిండడానికి మూడు రోజుల ముందు, 2019లో, బ్రిటన్ ప్రధాని థెరిసా మే పార్లమెంటులో లేచి ప్రగాఢ విచారం ప్రకటించారు. క్షమాపణ ఏదని ప్రతిపక్ష నాయకుడు అడిగినా ఆ మాట బయటికి రాలేదు. ఆ ముందు రోజే ఆమె మంత్రి ఒకాయన అసలు గుట్టు విప్పేశారు. క్షమాపణ అంటే ఆర్థిక పర్యవసానాలు ఉండొచ్చు కాబట్టి ఏ శాఖకైనా వెనకాడక తప్పదన్నారు. ఆయనకు వెయ్యి దండాలు. మూడు మాటల తేడా ఇంత సూటిగా ఏ నిఘంటువూ చెప్పలేదు.

అయితే లెక్క డబ్బుతోనే తేలిపోతుందనుకుంటే పొరపాటు. కెన్యాలో మౌమౌ తిరుగుబాటు కాలంలో చిత్రహింసలు పడ్డ 5,228 మందికి, కోర్టు ఖర్చులతో కలిపి 1.99 కోట్ల పౌండ్లు ఇస్తామని 2013లో బ్రిటన్ విదేశాంగ మంత్రి విలియం హేగ్ ప్రకటించారు. చిత్రహింసలు జరిగాయన్నారు, నిజాయితీగా విచారిస్తున్నామన్నారు, బాధ్యత మాత్రం మాది కాదన్నారు. సంచి విప్పినవాళ్ళు నోరు విప్పలేదు. సంచికి అడుగు ఉంటుంది, నోటి మాటను పట్టుకుని రేపు ఇంకెన్ని దేశాలవాళ్ళు గుమ్మంలో నిలబడతారో తెలియదు కదా.

ఈ విద్యలో అమెరికావాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. 2001 ఏప్రిల్‌లో హైనాన్ దీవి దగ్గర వాళ్ళ నిఘా విమానం, చైనా యుద్ధ విమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ పోయాడు, 24 మంది అమెరికన్లు చైనా చేతికి చిక్కారు. చైనా క్షమాపణ కావాలంది, అమెరికా కుదరదంది. చివరికి రాయబారి రాసిన ఉత్తరంలో రెండుసార్లు 'వెరీ సారీ' పడింది. అది క్షమాపణ కాదని వాషింగ్టన్ తన జనానికి చెప్పుకుంది. క్షమాపణకు దగ్గరి మాట వేసి బీజింగ్ తన జనానికి వినిపించుకుంది. మనుషులు ఇళ్ళకు చేరారు. చావింటి సారీని పంపిస్తే అవతలివాళ్ళు కాలు తొక్కిన సారీగా రాసుకున్నారు, అంతే.

మనవాళ్ళేమైనా తీసిపోయారా! 2019లో ప్రధానిని దొంగ అంటూ తాను చేసిన నినాదాన్ని సుప్రీంకోర్టు నోట పెట్టినందుకు రాహుల్ గాంధీ మొదట విచారం తెలిపారు. రెండో అఫిడవిట్లో ఆ విచారాన్ని కూడా బ్రాకెట్లలో పెట్టారు. ఇదేమిటని న్యాయమూర్తులు అడిగాక, మే నెలలో బేషరతు క్షమాపణ వచ్చింది. 2024లో తన మందుల ప్రకటనల కేసులో పతంజలి కంపెనీ కూడా 67 పత్రికల్లో క్షమాపణ అచ్చేయించుకుని కోర్టుకొచ్చింది. మీ మందుల ప్రకటనలంత పెద్దగా వేశారా అని ధర్మాసనం అడిగింది. కత్తిరింపులు ఉన్నవి ఉన్నట్టు తెమ్మంది, జిరాక్సులో పెద్దవి చేసి తేవద్దని కూడా చెప్పింది. మర్నాడు పెద్ద ప్రకటన పడింది. పశ్చాత్తాపాన్ని స్కేలు పెట్టి కొలవొచ్చని అప్పుడు తెలిసింది.

సినిమావాళ్ళది మరో ఘరానా. 'ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే' అని మొదలుపెడతారు. ఆ 'ఉంటే' ఉందే, అందులోనే ఉంది కిటుకంతా. దెబ్బతినకపోతే క్షమాపణ వెనక్కి ఇచ్చేయాలన్నమాట!

ఈ తిప్పలన్నీ చూసి కొన్ని దేశాలు చట్టమే చేసుకున్నాయి. క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదని బ్రిటన్ 2006లోనే రాసుకుంది. కెనడాలోని ఒంటారియో 2009లో ఏకంగా క్షమాపణల చట్టం తెచ్చింది. సివిల్ దావాలో దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా చూపడానికి వీల్లేదు. ఉద్దేశం మంచిదే. డాక్టరు భయం లేకుండా రోగి ఇంటివాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడగలగాలని నేనూ కోరుకుంటాను. కానీ ప్రభుత్వాల సంగతి వేరు. ఆస్ట్రేలియాలో ఆదివాసీలకు జరిగిన అన్యాయానికి ప్రధాని జాన్ హోవర్డ్ 1999లో ప్రగాఢ విచారం దగ్గరే ఆగిపోయారు. కన్నవాళ్ళ నుంచి లాక్కుపోయిన ఆదివాసీ పిల్లల తరానికి తర్వాతి ప్రధాని కెవిన్ రడ్ 2008లో పార్లమెంటులో నిండు గొంతుతో సారీ చెప్పారు. జనం కన్నీళ్ళు పెట్టుకున్నారు. పరిహార నిధి మాత్రం ఉండదని ఆయన ప్రభుత్వం ముందే చెప్పేసింది.

అంటే విచారం పాతబడింది, సారీకి ఖర్చు తప్పింది, అపాలజీకి చట్టమే గొడుగు పట్టింది. ఒప్పుకోలు ఇంకా మిగిలి ఉన్న మాట ఇంగ్లీషులో ఏదైనా దొరికితే, దాని గోళ్ళు కూడా తీసి పెట్టడానికి న్యాయశాఖలు సిద్ధంగానే ఉన్నాయి.