టోపీ పెట్టుకున్న బెర్లిన్ గోడ

స్పెయిన్‌లో రూయ్ లోపెజ్ అని ఒక చర్చి ఫాదరు ఉండేవాడు. 1561లో చదరంగం మీద పుస్తకం అచ్చువేశాడు. ఎదుటివాడి కళ్లలో ఎండ పడేలా బోర్డు వేసుకోమని సలహా ఇచ్చాడట ఆ దైవభక్తుడు! ఆయన పేరున్న ఓపెనింగునే నేను ఆర్నెల్లు నిద్ర మానుకుని బట్టీపట్టాను.

టోర్నమెంటు ఓ కల్యాణమండపంలో. ముందురోజు పెళ్లి బంతిపూలు ఇంకా స్తంభాలకే వేలాడుతున్నాయి. భోజనాలయ్యాక మూడో రౌండు. ఎదురుగా తొమ్మిదేళ్ల కుర్రాడు. కాళ్లు నేలకు అందడం లేదు. పడమటి కిటికీ ఎండ సూటిగా వాడి మొహానే కొడుతోంది. ఫాదరుగారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. వాడు సంచిలోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు.

తెల్లపావులు నావి. రాజు ముందు బంటు, గుర్రం, బిషప్. మూడో ఎత్తుకి వాడు ఏనుగు ముందున్న బంటును ఒక గడి జరపాలి. నా ఆర్నెల్ల చదువూ ఆ బంటు మీదే ఆధారపడింది. వాడు రెండో గుర్రాన్ని దూకించాడు. బెర్లిన్ డిఫెన్స్! 1989లో కూలిన గోడను 2000లో లండన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో క్రామ్నిక్ మళ్లీ కట్టాడు. కాస్పరోవ్ అంతటివాడు నాలుగు గేముల్లో దానికి తల బాదుకున్నా ఇటుక కదల్లేదు, చివరికి కిరీటమే పోయింది.

ఎనిమిదో ఎత్తుకల్లా మంత్రులిద్దరూ పెట్టెలో చేరారు. క్యాస్లింగ్ యోగం పోయి వాడి రాజు నడివీధిలో నిలబడ్డాడు. నిలబడితే మాత్రం, వాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలిస్తేగా!

ఇరవయ్యో ఎత్తు వేసి, పెద్దరికం ఒలకబోస్తూ అడిగాను. "డ్రా చేసుకుందామా నాన్నా?"

"ఇంకా ఆడదాం అంకుల్."

ఆడాం. ఒక బంటు నాకే ఎక్కువుంది, దాన్ని ఏం చేసుకోవాలో తోచలేదు. నా ఏనుగు బీపీ ఉన్నవాడిలా వరండాలో పచార్లు మొదలెట్టింది. కాసేపటికి వాడు పావు ముట్టుకోకుండా ఎత్తు కాగితం మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ని పిలిచాడు. అదే స్థితి మూడోసారి వస్తోందట. డ్రా.

గుమ్మం దగ్గర వాళ్లమ్మ నిలదీసింది. "ఆ అంకుల్‌తో డ్రా ఏంట్రా?" వాడు తల దించుకున్నాడు. నేనూ దించుకున్నాను.

నా రేటింగు 1520, వాడిది 1440. నాకు 2.2 పాయింట్లు పోయాయి. పిల్లల లెక్కకు గుణకం 40, నాకు 20, కాబట్టి వాడికి 4.4 వచ్చాయి. నా దగ్గర పోయింది వాడి దగ్గర పిల్లలు పెట్టిందన్నమాట.

నాలుగో రౌండులో నాకు నల్లపావులు. అంటే వాడు కూర్చున్న వైపే. ఎండ ఇంకా కిందికి దిగింది. నా దగ్గర టోపీ లేదు.