సూర్యోదయ సారథి

సూర్యుడి రథాన్ని తోలే అనూరుడికి తొడలు లేవని పురాణాలు చెబుతాయి. ఆ అనూరుడికి సహాయకుడిగా తనను తానే నియమించుకుని, సెలవు రోజున తెల్లవారుజామున మూడున్నరకే తోటివారి దుప్పట్లు లాగే మిత్రుడికి మాత్రం నిద్ర లేదు. ఏ ఊరు వెళ్లినా అక్కడి సూర్యోదయాన్ని చూపించే బాధ్యత తనదేననీ, చూసినవారు అందుకు తనకు కొంత రుణపడి ఉండాలనీ నమ్మే ఇటువంటి వ్యక్తిని సూర్యోదయ సారథి అనవచ్చు. కన్యాకుమారిలోనూ అరకులోనూ ఈ జాతివారు విరివిగా కనిపిస్తారు గానీ, వారి ప్రతిభ సంపూర్ణంగా వికసించేది గండికోటలోనే.

నది కొండను కోసుకుంటూ పారిన ఇరుకు దారిని గండి అంటారు. ఎర్రమల కొండల్లో పెన్న అలా కోసిన లోయ అంచున, జమ్మలమడుగుకు సుమారు 15 కి.మీ. దూరంలో వెలసిన కోట కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. సారథి దానిని భారతదేశపు గ్రాండ్ క్యాన్యన్ అనే తప్ప మరోలా పిలవడు. అమెరికాలోని ఆ లోయ లోతు సుమారు 1.6 కి.మీ. ఉంటుందనీ, ఇక్కడిది వందల అడుగుల లెక్కలోనిదనీ ఎవరైనా గుర్తుచేస్తే, కన్నకూతురి పెళ్లిచూపులకు వచ్చినవారు పిల్ల పొట్టి అన్నట్టు నొచ్చుకుంటాడు. అతడికి పాస్‌పోర్టు లేదన్న విషయం ఇక్కడ అప్రస్తుతం.

"పది నిమిషాలే నడక, లేరా" అన్న హామీతో మొదలైన ప్రయాణం, చీకట్లో జామియా మసీదు దాటి, బండల మీద చేతులూ మోకాళ్లూ ఆనించి పాకేదాకా వచ్చేసరికి నలభై నిమిషాలవుతుంది. ఆ నలభై నిమిషాలూ సారథి టార్చిని దారి మీద కాక, తాను వివరిస్తున్న వస్తువు మీద వేస్తాడు. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకోవడానికి ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియే ఈ కోటకు వచ్చిన మాట చరిత్రలో ఉంది. ఆయన కూర్చున్నది సరిగ్గా ఈ బండ మీదనే అన్నది సారథి చేర్పు, అందుకు ఆధారం బండ నున్నగా ఉండడం. ఆ బండ ఎర్ర గ్రానైట్ అని కూడా అతడు ప్రకటిస్తాడు. అది గ్రానైట్ కాదు, క్వార్ట్‌జైట్; అంటే ఇసుకరాయిలోని రేణువులు కాలక్రమంలో ఒకదానికొకటి అతుక్కుని బిగిసిపోగా ఏర్పడిన గట్టి శిల. కడప శిలాసముదాయంలోని ఈ పొరకు భూవిజ్ఞానులు గండికోట క్వార్ట్‌జైట్ అని ఊరి పేరే పెట్టారు. అయితే ఈ వ్యాసకర్త కూడా లోగడ ఒకచోట గ్రానైట్ అనే రాసి ఉన్నందున, ఆ పొరపాటును ఇంతకు మించి సాగదీయడం ఎవరికీ క్షేమం కాదు.

సూర్యుడు దిఙ్మండలానికి ఆరు డిగ్రీల దిగువకు చేరినప్పటి నుంచి ఉదయించేదాకా ఉండే వెలుతురును పౌర సంధ్య అంటారు. ఈ వ్యవధిలో సారథి నాలుగుసార్లు "అదిగో, వచ్చేశాడు" అంటాడు, నాలుగుసార్లూ రానందుకు మబ్బుల తరఫున తానే క్షమాపణ చెబుతాడు. వాతావరణం కిరణాలను వంచుతుంది కనుక కనిపించే సూర్యుడు నిజానికి ఇంకా దిగువనే ఉంటాడన్న సంగతిని కూడా అతడు ఈ సమయంలోనే, తన సొంత పరిశోధనలా వెల్లడిస్తాడు. అయినా అతడి మీద కోపం నిలవదు. రాత్రే నింపి తెచ్చిన ఫ్లాస్కులోని కాఫీని అందరికీ పోసి, చివరికి మూతలో మిగిలిన అడుగు మడ్డిని తాను తాగి, "నాకు ఇలాగే ఇష్టం" అని అబద్ధమాడేవాడి మీద ఎంతసేపని కోపగించుకోగలరు?

లోయలో సూర్యోదయం రెండుసార్లు జరుగుతుంది. మొదటిది ఆకాశపు అంచున జరిగేది, అందరూ ఫొటో తీసేది. రెండోది, కొండ కొమ్మున పడిన ఎరుపు ఒక్కో పొర మీదుగా కిందికి దిగుతూ, అప్పటిదాకా నల్లగా ఉన్న పెన్న నీటిని చేరేది. దీనికి చాలాసేపు పడుతుంది, చూడదగ్గదీ ఇదే. సరిగ్గా ఈ ఘట్టంలోనే, మూడున్నరకు లేచిన పుణ్యమా అని, సారథి వెచ్చబడుతున్న బండకు చేరగిలబడి గురక పెడతాడు.

తరువాత జమ్మలమడుగు హోటల్లో ఇడ్లీ వడ్డించే మనిషికి ఆ ఉదయాన్ని అతడే వర్ణిస్తాడు: ఎరుపు ఎలా దిగిందీ, నీరు ఎలా బంగారమైందీ, లోయకు అడ్డంగా ఒంటరి గద్ద ఎలా ఎగిరిందీ. గద్ద ఏదీ ఎగరలేదని ఖండించాలంటే సాక్షి కావాలి. ఆ సమయమంతా ఈ వ్యాసకర్త లోయకు వీపు పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మిత్రుడిని పదకొండు కోణాల్లో ఫొటోలు తీస్తున్నాడు.