పుట్టిన ఊరు హాలహర్వి: ఒక పాస్‌పోర్టు ఆత్మకథ

నాలో అచ్చయిన వివరాల్లో మావాడు తనంతట తాను పెట్టింది సంతకం ఒక్కటే. పేరు వాళ్ల అవ్వ పెట్టింది. పుట్టిన తేదీ బడిలో చేర్చుకున్న రోజు అయ్యవారు రాసింది. భారతీయుడన్న మాట, హాలహర్వి అన్న ఊరు పుట్టుకతో వచ్చినవి. నేను చెల్లుబాటులో ఉన్నంత కాలం అధికారులు, కంపెనీలవాళ్లు, వకీళ్లు సంతకాన్ని ఓసారి చూసి వదిలేశారు. ఆ రెండు వరుసల దగ్గర మాత్రం ఆగారు. వాటిని బట్టే మావాడికి ఏ పని ఇవ్వచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చారు. నా కథ చెప్పాలనిపించింది అందుకే.

నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో ముదురు నీలం అట్టతో, 36 పేజీల ఖాళీ పుస్తకంగా పుట్టాను. 2014లో మావాడి ఫొటో నాలోకి వచ్చింది. తత్కాల్‌లో తీసుకున్నందువల్ల నేను ఇంటికి చేరాకే పోలీసు విచారణ జరిగింది. ఇంటి ముందు పత్తి బోరేలు ఆదోని మార్కెట్ యార్డుకు పోవడానికి సిద్ధంగా ఉన్నాయి. కానిస్టేబుల్ అరుగు మీద కూర్చుని కాగితాలు తిరగేస్తూ, పిల్లవాడు ఈ ఊర్లోనే పుట్టాడా అని అడిగాడు.

"ఈడనే పుట్న్యాడు సామీ. నేనూ ఈడనే పుట్నా. కాకుంటే నేను పుట్నప్పుడు ఈ ఊరు బళ్ళారి జిల్లా" అంది అవ్వ.

అవ్వ చెప్పింది నిజం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలినవి మైసూరుకు పోయాయి. ఆలూరు తాలూకాలోని హాలహర్వి కర్నూలు జిల్లాలో చేరింది. అవ్వ ఇల్లు మారలేదు, చేను మారలేదు, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే అలవాటూ మారలేదు. ఆమె పేరు పక్కన రాసే జిల్లా మారింది, రాష్ట్రం మారింది. సరిహద్దులు గీసేవాళ్లు మనుషులను అడగరన్న సంగతి నాకు పుట్టిన ఏడాదే తెలిసింది.

కర్నూలులో ఇంజనీరింగ్ చదివిన మావాడు మొదట బెంగళూరులో పనిచేశాడు. సర్వర్లు పడిపోకుండా రాత్రింబవళ్లు కాచుకునే పని అతనిది. అక్కడ అతని పెద్ద మేనేజరు ఒకాయన ఎప్పుడూ తేజస్ విమానం కథ చెప్పేవారు. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ తేలికపాటి యుద్ధ విమానం తయారుచేస్తున్న రోజుల కథ అది. కార్యక్రమానికి సారథి కోట హరినారాయణ. పైలట్ కదలికలను కంప్యూటర్ అందుకుని రెక్కలకు చేరవేసే ఫ్లై-బై-వైర్ వ్యవస్థ మీద మన ఇంజనీర్లు అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో, లాక్‌హీడ్ మార్టిన్ వాళ్లతో కలిసి కూర్చుని పనిచేస్తున్నారు. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. ఆంక్షలు వచ్చాయి. ఆ ఇంజనీర్లను ఇంటికి పంపేశారు. వాళ్ల పరికరాలు, చేసిన పని అక్కడే ఉండిపోయాయి. వాళ్లలో ఎవరూ ఏ రహస్యమూ దొంగిలించలేదు. వాళ్ల దేశం పేరు ఆ వారంలో ప్రమాదకరమైన పేరయింది, అంతే. బెంగళూరుకు తిరిగొచ్చి ఆ వ్యవస్థను తమ చేతులతోనే పరీక్షించి పూర్తిచేశారు. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ ఆ విమానాన్ని మొదటిసారి గాల్లోకి లేపాడు.

ఆ కథలో నాకు గుచ్చుకున్నది తర్వాతి భాగం. 1998లో భారతీయ సంస్థలెన్నింటినో తన నిషేధ జాబితాలో పెట్టిన అమెరికా, 2011 జనవరిలో డీఆర్‌డీఓ, ఇస్రోల అనుబంధ సంస్థలను అందులోంచి తీసేసింది. 2018లో భారత్‌ను దగ్గరి మిత్రదేశాలకు ఇచ్చే ఎగుమతి సౌకర్యం వరుసలో చేర్చింది. ఈ ఇరవై ఏళ్లలో నాలాంటి పాస్‌పోర్టుల జాతీయత వరుసలో ఒక్క అక్షరమూ మారలేదు. దాన్ని చదివేవాళ్ల భయం మారింది.

మావాడు అమెరికాకు హెచ్-1బి వీసా మీద వెళ్లాడు. దానికోసం కంపెనీ నింపిన ఐ-129 ఫారంలో ఆరో భాగం నాకు బాగా గుర్తు. ఈ ఉద్యోగికి తెలియజేయబోయే సాంకేతిక పరిజ్ఞానానికి ఎగుమతి లైసెన్సు అవసరమా కాదా అని కంపెనీ అక్కడ ధ్రువీకరించాలి. పక్క కుర్చీలోని విదేశీ ఇంజనీరుకు ఆంక్షలున్న ఒక డ్రాయింగ్ చూపిస్తే దాన్ని అతని దేశానికి ఎగుమతి చేసినట్టే లెక్క అంటుంది అక్కడి చట్టం. మావాడు టెక్సాస్‌లో కూర్చుని ఒక తెర చూస్తే చాలు, చట్టం కంటికి ఆ తెర హాలహర్వి దాకా వచ్చేసినట్టు.

కొన్నాళ్లకు అతని కంపెనీకి రక్షణ విమానాల విడిభాగాలు చేసే ఖాతాదారు దొరికాడు. ఆ పనికి అమెరికా ఆయుధ ఎగుమతి నిబంధనలు, ఐటార్ అంటారు, అవి వర్తిస్తాయి. అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, శరణార్థులు, ఆశ్రయం పొందినవాళ్లు మాత్రమే లైసెన్సు లేకుండా ఆ సమాచారం ముట్టుకోవచ్చు. వాళ్లను చట్టం ‘అమెరికా వ్యక్తులు’ అంటుంది. ఆ సర్వర్ల పథకం గీసింది మావాడే. మరుసటి సోమవారం నుంచి అతని లాగిన్ పనిచేయలేదు. మేనేజరు మంచి మనిషి. కళ్లలోకి చూడలేక, తప్పు నీది కాదని మళ్లీ మళ్లీ చెప్పింది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాడు. నాయన అంతా విని ఇలా అన్నాడు: "మనూరోళ్లు సుగ్గికి గుంటూరు పోతే మిరప చేన్లో మేస్త్రీ ఏమడుగుతాడు? కోత వచ్చునా అంటాడు. మీ ఆఫీసోళ్లు పని సూడకుండా ఊరు సూస్తారేమిరా?"

"అట్ల కాదు నాయనా. యుద్ధ విమానాల పని, వాళ్లకీ భయముంటాది."

"భయముంటే బీగం ఏసుకోవల్ల. మనిషిని ఏల ఎల్లగొట్టేది?"

నాయన మాటలో నేను నమ్మేదంతా ఉంది. అయితే మావాడి మాటనూ కొట్టిపారేయను, ఎందుకంటే ఆ భయం కల్పితం కాదు. 2017లో చైనా చేసిన నిఘా చట్టం, దేశపు సంస్థలూ పౌరులూ నిఘా పనికి సహకరించాలని చెబుతుంది. ట్విట్టర్‌లో పనిచేసిన ఇద్దరు సౌదీ అరేబియా కోసం వాడుకరుల వివరాలు తీశారని 2019లో అమెరికా కేసు పెట్టింది. నా సొంత దేశం మీద కూడా ఆరోపణ ఉంది. తన మనిషిని ఉద్యోగంలోకి తీసుకోమని భారత ప్రభుత్వం ట్విట్టర్‌ను ఒత్తిడి చేసిందని ఆ కంపెనీ భద్రతాధికారిగా పనిచేసిన పీటర్ జాట్కో 2022లో అన్నాడు. అది రుజువైన సంగతి కాదు. అయినా నా అట్ట మీద మూడు సింహాలున్నాయి కాబట్టి దాన్ని దాచి మాట్లాడలేను.

2023 చివర్లో ఇదంతా ఒక బల్ల మీదికి వచ్చింది. అప్పటికి మావాడు వేరే కంపెనీలో సర్వర్ల బృందానికి పెద్ద. వీసా పొడిగింపు కాగితాల కోసం ఆ వారమంతా నన్ను సంచిలో వేసుకుని తిరుగుతున్నాడు. ఒక పెద్ద ఖాతాదారు ఒప్పందంలో కొత్త షరతు పెట్టాడు: చైనాలోగానీ రష్యాలోగానీ పుట్టినవాళ్లెవరూ తమ సమాచారం ఉన్న సర్వర్లను తాకకూడదు. మావాడి బృందంలో చెంగ్‌డూలో పుట్టిన ఇంజనీరు ఒకామె ఉంది. గ్రీన్‌కార్డు వచ్చింది. రాత్రి డ్యూటీలు వాళ్లిద్దరూ పంచుకునేవాళ్లు. షరతు మీద నీ అభిప్రాయం రాసివ్వమని మావాణ్ణే అడిగారు.

ఇలాంటి వాదన అంతకుముందు బయట కూడా జరిగింది. 2019లో గిట్‌ల్యాబ్ అనే సంస్థ, చైనా, రష్యాల్లో నివసించేవాళ్లను ఖాతాదారుల సమాచారం తాకే ఉద్యోగాల్లోకి తీసుకోకూడదా అని బాహాటంగా చర్చించింది. అది వివక్ష అవుతుందని వాదించిన కాండిస్ సిరేసి అనే అధికారిణి చివరికి రాజీనామా చేసింది. అక్కడ కనీసం ప్రశ్న నివాసం గురించి. ఒక ప్రభుత్వం చేతికి అందే చోట మనిషి కూర్చున్నాడా అన్నది అడగదగ్గ ప్రశ్నే. మావాడి ముందున్న కాగితం అడిగింది ఎక్కడ పుట్టావని. టెక్సాస్‌లో ఇల్లు కట్టుకున్న మనిషిని పురిటి మంచం ఎక్కడేశారన్నదాన్ని బట్టి తూచడం అది.

ఆ తూకం ఎక్కడికి దారితీస్తుందో నా దేశ చరిత్రలోనే ఉంది. 1962 యుద్ధం వచ్చినప్పుడు అస్సాంలో, బెంగాల్‌లో తరాలుగా బతుకుతున్న చైనా మూలాలవాళ్లను దాదాపు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో బంధించారు. వాళ్లలో ఇక్కడే పుట్టిన పసిపిల్లలున్నారు. దాని గురించి మన పాఠ్యపుస్తకాలు ఇప్పటికీ తగినంత చెప్పవని నాకు బాధ.

మావాడు రాత్రంతా కూర్చుని రాశాడు. ట్విట్టర్ కేసు నుంచే మొదలుపెట్టాడు. ఆ ఇద్దరిలో అహ్మద్ అబూఅమ్మోకు 2022లో శిక్ష పడింది. అతను అమెరికా పౌరుడే, లొంగింది ఖరీదైన గడియారానికీ, లక్షల డాలర్లకూ. రెండోవాడు అలీ అల్‌జబారా సౌదీ పౌరుడు. అతను 6,000 మందికి పైగా వాడుకరుల వివరాలు చూశాడని అభియోగం. అతని ఉద్యోగానికి ఆ వివరాలతో పనే లేదు, అయినా తలుపు తీసి ఉంది. పౌరసత్వం చూసి ఏరివేసినా మొదటివాడు లోపలే ఉండేవాడు. తలుపు మూసి ఉంటే ఇద్దరి ఆటా సాగేది కాదు. కనుక ఖాతాదారు సమాచారం దగ్గరికి ఎవరూ ఒంటరిగా పోకూడదని రాశాడు. ఇంకొకరు ఆమోదిస్తేనే తెరుచుకోవాలి, పని గంటకు మాత్రమే తెరుచుకోవాలి, ఏం చూశారో ఎవరూ చెరపలేని చిట్టాలో పడాలి, ఆఫీసు ల్యాప్‌టాప్ దేశం దాటకూడదు. ఈ నియమాలు తనకూ, కంపెనీ యజమానికీ ఒకేలా ఉండాలి.

(ఇది ఎంత సరైనదో తర్వాత ఇంకా తేలింది. ఉత్తర కొరియా మనుషులు దొంగిలించిన అమెరికన్ల గుర్తింపులతో దూరం నుంచి ఉద్యోగాలు సంపాదించిన కేసులు 2024లో బయటపడ్డాయి. కాగితాల మీద వాళ్లందరూ అమెరికన్లే.)

కంపెనీ వకీలు ఇంకో మాట జోడించింది. గ్రీన్‌కార్డు ఉన్న ఆమె ఐటార్ పనికే అర్హురాలు, అలాంటిది పుట్టిన ఊరు చూసి పక్కనబెడితే వివక్ష చట్టాలకు దొరికిపోతాం అని రాసింది. ఎగుమతి నిబంధనల పేరు చెప్పి అవసరం లేని పౌరసత్వ కాగితాలు అడిగిందన్న ఆరోపణ మీద జనరల్ మోటార్స్ 2023 ఏప్రిల్‌లో 3,65,000 డాలర్లు కట్టి రాజీపడింది. శరణార్థులను ఉద్యోగాల్లోకి రానివ్వలేదని స్పేస్‌ఎక్స్ మీద అదే ఏడాది ఆగస్టులో అమెరికా న్యాయశాఖ దావా వేసింది, 2025లో తనే ఉపసంహరించుకుంది. చట్టం గీసిన గీత అమెరికా వ్యక్తి అవునా కాదా అన్న దగ్గర ఉంది. చెంగ్‌డూ అన్న మాట ఆ గీతకు పట్టదు.

మావాడు వకీలు రాసిన ఆ వాక్యం చదివి కాసేపు ఆగాడు. పౌరసత్వ స్థితిని బట్టి వివక్ష చూపకూడదన్న ఆ రక్షణ పౌరులకు, గ్రీన్‌కార్డువాళ్లకు, శరణార్థులకు ఉంది. హెచ్-1బి మీద ఉన్నవాడికి లేదు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ దేశంలో పుట్టినవాళ్లకైనా సాధారణంగా ఏడాదికి ఏడు శాతానికి మించి ఇవ్వరు. ఆ లెక్క పుట్టిన దేశాన్ని బట్టే, కాబట్టి నాలోని హాలహర్వి వరుస ఉన్నంత కాలం మావాడు ఆ పొడవాటి వరుసలోనే నిలబడాలి. ఆమె కోసం తను చేస్తున్న వాదన గెలిస్తే, ఖాతాదారు ఆ గీతనే పట్టుకుని అడగవచ్చని మావాడికి తెలుసు. అయినా ఒక్క వాక్యమూ మార్చకుండా పంపాడు.

అలాగే జరిగింది. ఖాతాదారు జోడు ఆమోదాలను, చిట్టాలను ఒప్పుకున్నాడు. పుట్టిన ఊరి షరతు కొట్టేశాడు. తన చెల్లింపుల సమాచారం ఉన్న సర్వర్లకు మాత్రం అమెరికా వ్యక్తులే ఉండాలని పట్టుబట్టాడు. ఆమె లోపలికి వెళ్లింది. మావాడు బయటికి వచ్చాడు. మావాడు ఓడిపోయాడని నేననుకోను. అన్యాయం ఒకరి మీద నుంచి తొలగింది, ఇంకొకరి మీద మిగిలింది. మిగిలినదాన్ని కూడా అన్యాయమనే అనాలి. మావాడు రాసిన నియమాలు ఆ సర్వర్లను ఏ కాగితం కన్నా గట్టిగా కాపాడుతున్నాయి. అవే నియమాల కింద మావాణ్ణి లోపలికి రానివ్వకపోవడానికి భద్రత కారణం కాదు.

2024లో నా గడువు తీరింది. కాన్సులేట్ వాళ్లు నా మూల కత్తిరించి రద్దు ముద్ర వేశారు. నాలోని వీసా ఇంకా చెల్లుతుంది కాబట్టి కొత్త పాస్‌పోర్టుతో కలిసి నేనూ ప్రయాణం చేస్తాను. ఆ ఒప్పందం మళ్లీ చర్చకు రాబోతోంది. మావాడు ఈసారి వకీలుతో కలిసి కూర్చుని, చెల్లింపుల సర్వర్లలో ఏ ఫైలుకు నిజంగా చట్టపరమైన ఆంక్ష ఉందో ఒక్కొక్కటిగా గుర్తు పెడుతున్నాడు. ఆంక్ష లేనివాటికి లాగిన్ తిరిగి ఇవ్వమని అడుగుతాడు. చెంగ్‌డూ ఇంజనీరు ఆ అర్జీ మీద తన సంతకం కూడా పెట్టింది.