వాయిదా సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము:
సెట్ కన్‌స్ట్రెయింట్స్ ఆల్ డిఫర్డ్;

అవతారిక: 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణమున గల ఈ సూత్రమును పోస్ట్‌గ్రెస్ సంప్రదాయము ననుసరించి వ్యాఖ్యానించుచున్నాము. మైపాడు తీరమున మత్స్యకారుల సహకార సంఘమొకటి పుట్టుచున్నదనుకొందము. సంఘముల పట్టికలో వరుస చేరవలెనన్న, దాని అధ్యక్షుడు సభ్యుల పట్టికలో ముందే ఉండవలెను. సభ్యుడు చేరవలెనన్న, సంఘము ముందే ఉండవలెను. గుమాస్తా తల పట్టుకొని కూర్చుండగా ఈ సూత్రము అక్కరకు వచ్చినది.

ప్రతిపదార్థము: సెట్ = నియమింపుము; కన్‌స్ట్రెయింట్స్ = పట్టికల మీది నిబంధనలను; ఆల్ = (వాయిదాకు లోబడు) అన్నిటిని; డిఫర్డ్ = కమిట్ వేళ వరకు వాయిదా పడినవానిగా; కడపటి చుక్కకామా = పాదపూరణము కాదు, సూత్రము ముగిసినదని యంత్రమునకు తెలుపు గుర్తు.

తాత్పర్యము: ఓ డేటాబేసా! ఈ ట్రాన్సాక్షన్ నడచునంతసేపు సంఘమేది, అధ్యక్షుడెవడు అని అడుగకుము. ఇరువురిని చేర్చి కమిట్ అన్నప్పుడు అడుగుము. అప్పటికిని పొంతన కుదరకున్న అంతయు చెరిపివేయుము.

శంక: "అన్నిటిని" అంటిరి గదా, పడవ నంబరు గడిని ఖాళీగా వదలి పిదప నింపవచ్చునా?

సమాధానము: కూడదు. నాట్ నల్, చెక్ అనునవి వాయిదా యెరుగవు. ప్రైమరీ కీ, యూనిక్, ఫారిన్ కీ, ఎక్స్‌క్లూజన్ నిబంధనలకే ఆ భాగ్యము; అదియు డిఫరబుల్ అని ప్రకటించిననే. ప్రకటింపనివి "ఆల్" అని ఎంత అరచినను పలుకవు. పేరు పెట్టి పిలిచితిమా, తప్పు పట్టును.

విశేషము: ఆల్ ఇమ్మీడియట్ అన్నచో, అంతదాక వాయిదా పడినవన్నియు ఆ క్షణముననే తనిఖీకి వచ్చును. సేవ్‌పాయింట్ పెట్టుకొని, కమిట్‌కు ముందే ఇట్లు అడిగించుట విజ్ఞుల మార్గము. తప్పు తేలినచో సేవ్‌పాయింట్‌కు మరలి దిద్దుకొనవచ్చును. కమిట్‌లో తేలినచో దిద్దుటకేమియు మిగులదు.

దృష్టాంతము: 2019 జూలై 15న, నాటి నెల్లూరు జిల్లా శ్రీహరికోటలో చంద్రయాన్-2 ప్రయోగము ఇంక 56 నిమిషములున్నదనగా ఆగినది, లోపము సరిచేసిన పిదప 22న ఎగిరినది. నిప్పు ముట్టించుటకు ముందే లోపము తేలుటచే దిద్దుకొన వీలైనది.

ఫలశ్రుతి: ఈ సూత్రప్రభావము ఒక్క ట్రాన్సాక్షన్‌కే, మరుసటి దానికి మరల పఠింపవలెను. బిగిన్ అనక పఠించువారికి హెచ్చరిక మాత్రమే ఫలము.