నికోబార్ చెట్టు, హర్యానా పోస్టింగు

కేంద్ర పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ గారు 2025 సెప్టెంబర్‌లో ఒక ఇంగ్లీషు దినపత్రికలో వ్యాసం రాసి, గ్రేట్ నికోబార్ ద్వీపంలో రానున్న ఓడరేవు ప్రాజెక్టు గురించి బెంగ పెట్టుకున్నవాళ్ళకు ధైర్యం చెప్పారు. దానివల్ల పోయేది అండమాన్ నికోబార్ దీవుల అటవీ విస్తీర్ణంలో 1.78 శాతమేనట. ఆ కాస్త లోటూ ఉంచరు. దానికి పరిహారంగా హర్యానాలో అడవి పెంచే ఏర్పాటు ఎప్పుడో అయిపోయింది.

ఇది విని పర్యావరణవేత్తలు తలలు పట్టుకున్నారు. పాపం, వాళ్ళలో ఎవరూ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో పనిచేసినవాళ్ళు కారు. ఆ సీట్లో నాలుగేళ్ళు కూర్చున్న ఏ గుమస్తాకైనా సంగతి ఇట్టే అర్థమవుతుంది. ఇక్కడ ఎవరూ అడవిని కొట్టెయ్యడం లేదు. బదిలీ చేస్తున్నారు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, ప్రజాప్రయోజనార్థం, తక్షణం అమల్లోకి వచ్చేలా.

ఆ గుమస్తా చేతికే ఈ ఫైలు వచ్చిందనుకుందాం. బదిలీ అన్నాక ముందు క్యాడర్ బలం తేలాలి. ఎందరున్నారు, ఎందరు కదులుతున్నారు? పర్యావరణ ప్రభావ నివేదిక తిరగేస్తే సుమారు 8.5 లక్షల చెట్లు కదలాలి. 2023లో పార్లమెంటుకు ఇచ్చిన జవాబు చూస్తే 9.64 లక్షలు. మంత్రిగారి వ్యాసం ప్రకారం ప్రాజెక్టుకు మళ్ళించే 130.75 చదరపు కిలోమీటర్లలో మొత్తం 18.65 లక్షల చెట్లున్నాయి, వాటిలో నరికేవి గరిష్ఠంగా 7.11 లక్షలే. మూడు కాగితాలు, మూడు లెక్కలు. మామూలు ఆఫీసులో సిబ్బంది సంఖ్య ఇలా మారుతూ ఉంటే ఆడిట్‌వాళ్ళు జీతాల బిల్లు ఆపేస్తారు. చెట్లకు జీతాల్లేవు కనుక ఫైలు ఆగలేదు.

తర్వాత సర్వీసు రిజిస్టర్. బదిలీ అయ్యే ప్రతి ఉద్యోగి ఎస్‌ఆర్ వెంట పంపాలి కదా. చెట్టుకు ఎస్‌ఆర్ కాండంలో ఉంటుంది, ఏడాదికో వలయం చొప్పున. చూడాలంటే కొట్టాలి. అందులోనూ నికోబార్ వానలకు విరామం తక్కువ. అలాంటి సతతహరిత అడవుల్లో చాలా చెట్లకు వలయాలు స్పష్టంగా పడనే పడవు. అంటే ఎంట్రీలు లేని ఎస్‌ఆర్. పుట్టిన తేదీకి ఆధారం లేదు, పదవీ విరమణ తేదీ మాత్రం ఢిల్లీలో ఖరారైంది. 2022 అక్టోబర్‌లో అటవీ అనుమతి మొదటి దశ, నవంబర్‌లో పర్యావరణ అనుమతి. ఆ ద్వీపాన్ని 1989లో జీవావరణ రిజర్వుగా ప్రకటించి, 2013లో యునెస్కో జాబితాలో చేర్పించి మంచి కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళే ఇప్పుడు రిలీవింగ్ ఆర్డరూ ఇచ్చారు.

అసలు హర్యానాయే ఎందుకని గుమస్తాకు సందేహం రావచ్చు. దానికీ నిబంధన ఉంది. విస్తీర్ణంలో 75 శాతానికి మించి అడవి ఉన్న చోట్ల పరిహార వనీకరణ వేరే రాష్ట్రంలో చేసుకోవచ్చు. అండమాన్ నికోబార్‌కు అడవి ఎక్కువైంది. సిబ్బంది మిగులున్న బడి నుంచి టీచర్లు లేని బడికి పంపినట్టు, దీన్నే రేషనలైజేషన్ అంటారు. హర్యానాలో అడవి నాలుగు శాతం కూడా లేదు. కనుక అక్కడ ఖాళీలు బోలెడు.

ఖాళీలున్నాయని ఫైలు చెబుతుంది. వెళ్ళి చూస్తే ఆ కుర్చీలో ఆరావళి కూర్చుని ఉంది. గురుగ్రామ్, నూహ్, రేవాడీ, మహేంద్రగఢ్, చర్ఖీ దాద్రీ జిల్లాల్లో 24 వేల హెక్టార్లకు పైగా ఆరావళి భూమిని హర్యానా ప్రభుత్వం ఈ నికోబార్ పద్దు కింద రక్షిత అడవిగా ప్రకటించింది. ఆ కొండలు నిన్న మొన్న మొలిచినవి కావు. వాటి మీది తుప్పలూ, నక్కలూ, నెమళ్ళూ ఈ ఒప్పందానికి ముందు నుంచీ అక్కడే ఉన్నాయి. వాటిని గనుల నుంచీ, రియల్ ఎస్టేటు నుంచీ కాపాడమని జనం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. కాపాడటం ఎలాగూ చెయ్యాల్సిన పనే. దాన్నే ఇంకో అడవి చావుకు పరిహారంగా చూపించడం, ఉన్న ఉద్యోగికే కొత్త నియామక పత్రం ఇచ్చి పోస్టు భర్తీ చేశామని ప్రకటన వెయ్యడం లాంటిది.

వాతావరణం మారడం వల్ల ఆరోగ్యం పాడవుతుందేమో, మెడికల్ గ్రౌండ్స్ మీద మినహాయింపు ఇవ్వాలేమో అని కూడా గుమస్తా నోటు పెట్టాడు. నికోబార్‌లో ఏటా మూడు వేల మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది. దక్షిణ హర్యానాలో అందులో ఐదో వంతు పడితే రైతు పండగ చేసుకుంటాడు. భూమధ్యరేఖకు దగ్గరగా, సుమత్రా పక్కన పుట్టిన చెట్టుకు మే నెల నూహ్ ఎండ ఎలా ఉంటుందో చెప్పేందుకు మెడికల్ బోర్డు అక్కర్లేదు. ఆ ఎండలో ఎవరి సాయమూ లేకుండా బతికేది సర్కారు తుమ్మ. పేరులోనే సర్కారు ఉంది కనుక దానికి బదిలీ భయం లేదు.

అసలు చిక్కు జాయినింగ్ రోజున బయటపడుతుంది. నికోబార్‌లో రిలీవ్ అయిన ఉద్యోగి తాటిచెట్టును తలదన్నే మహావృక్షం. ఒంటినిండా తీగలు, నాచు, పుట్టగొడుగులు, చీమల పుట్టలు. హర్యానాలో జాయినింగ్ రిపోర్టు ఇచ్చింది మాత్రం నల్ల పాలిథిన్ సంచిలో మోకాలెత్తు మొక్క. పేరు కలవదు, జాతి కలవదు, వయసు కలవదు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి రిజిస్టర్లో సంతకం పెడితే మామూలు ఆఫీసులో సస్పెన్షన్. అటవీ లెక్కల్లో దాని పేరు పరిహార వనీకరణ.

బదిలీల్లో కుటుంబాన్ని చూసి ఇచ్చే స్పౌజ్ పాయింట్ల సంగతి చెప్పనక్కర్లేదు. గలాథియా తీరానికి లెదర్‌బ్యాక్ తాబేళ్ళు వస్తాయి. సముద్రాలు ఈదుకుంటూ వచ్చి, రాత్రి ఒడ్డెక్కి, ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. భారతదేశంలో వాటికి ఉన్న ముఖ్యమైన పురిళ్ళలో అదొకటి. 2021 జనవరిలో గలాథియా అభయారణ్యం హోదా తీసేసి, వాటి క్వార్టర్స్ అలాట్‌మెంట్ రద్దు చేశారు. అక్కడ ఓడరేవు రావాలి. ఆకులూ ఇసుకా గుట్టగా పోసి ఆ వేడికి గుడ్లు పొదిగే నికోబార్ మెగాపోడ్ పక్షికి చెట్టు మీద ఆధారపడిన కుటుంబ సభ్యుడిగా గుర్తింపు లేదు. పగడాలకు మాత్రం సాయం దొరికింది. 16,150 పగడపు సమూహాలను ఊడదీసి వేరే చోట అతికిస్తామన్నారు. టీఏ బిల్లు మంజూరైంది వాటికే.

తెలుగువాళ్ళకు ఈ బదిలీ బాధ ఎవరూ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. తెలంగాణలో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు కేటాయించే 317 జీవో వచ్చినప్పుడు సీనియారిటీ లెక్కలు తప్ప స్థానికత చూడలేదని టీచర్లు రోడ్డెక్కారు. స్థానికత అంటే ఏమిటో వాళ్ళను అడిగితే చెబుతారు. అండమాన్ దీవుల్లోనూ తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలానే ఉన్నాయి. విశాఖ రేవులో ఓడెక్కి పోయి అక్కడ బతుకు వెతుక్కున్నవాళ్ళు ఊరు మారడమంటే ఏమిటో తెలిసినవాళ్ళే. అయితే వాళ్ళు కాళ్ళున్న మనుషులు. చెట్టుకు స్థానికత తప్ప మరేమీ లేదు.

ఖాళీ అయిన పోస్టుల్లో కొత్త నియామకాలు కూడా సిద్ధం. ఇప్పుడు ఎనిమిది వేల చిల్లర జనాభా ఉన్న ద్వీపంలో ముప్పై ఏళ్ళలో మూడున్నర లక్షల మంది ఉంటారని పథకం. ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్, పదుల వేల కోట్ల ఖర్చు. ఇక 1.78 శాతం దగ్గరకొస్తే, అది హారం మార్చే విద్య. గ్రేట్ నికోబార్ విస్తీర్ణం సుమారు 910 చదరపు కిలోమీటర్లు. మళ్ళించే అడవి 130.75. ఆ ద్వీపంలో ఏడో వంతు. ఊళ్ళో ఉన్న ఒక్క బడినీ మూసేసి, రాష్ట్రంలోని బళ్ళతో పోలిస్తే ఇది ఏపాటి అని అడిగే అధికారిని మనం చూడలేదా?

అప్పీలు చేసుకునే హక్కు ఉంది కదా అంటారు. చేసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ అనుమతులను రద్దు చెయ్యలేదు. కొన్ని అంశాలు మళ్ళీ చూడమని ఒక ఉన్నతస్థాయి కమిటీ వేసింది. కమిటీకి అధ్యక్షుడు పర్యావరణ శాఖ కార్యదర్శి. అనుమతి ఇచ్చిన శాఖే అనుమతి సరిగ్గా ఉందో లేదో చూసింది. నివేదికను బయటపెట్టలేదు. బదిలీ చేసిన అధికారికే అప్పీలు పెట్టుకుని, ఆయన ఏం రాశాడో చూపించమంటే రహస్యమని జవాబు రావడం మన గుమస్తాకు కొత్తేం కాదు.

ఇంతవరకూ ఫైలు సజావుగానే నడిచింది. ఇక్కడ గుమస్తా చేతికి ఒక పాత కాగితం తగిలింది.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు గ్రేట్ నికోబార్ తీరంలోని నికోబారీ గిరిజనుల ఊళ్ళు కొట్టుకుపోయాయి. చింగెన్, కోకియోన్, పులో పక్కా, ఇన్ హేంగ్ లోయి. బతికినవాళ్ళను తెచ్చి క్యాంప్‌బెల్ బే దగ్గర శిబిరాల్లో పెట్టారు, తాత్కాలికమని చెప్పి. ఆ నాటి నుంచీ వాళ్ళు అడుగుతున్నది ఒక్కటే. మా ఊళ్ళకు మమ్మల్ని తిరిగి వెళ్ళనివ్వండి. ఆఫీసు భాషలో దీన్ని రిక్వెస్ట్ ట్రాన్స్‌ఫర్ అంటారు. సొంత ఖర్చు మీద, సొంత ఊరికి. ఇరవై ఏళ్ళు దాటింది. ఆ దరఖాస్తు కదల్లేదు. కోరని చెట్లకు మూడు వేల కిలోమీటర్ల అవతలికి చకచకా ఉత్తర్వులిచ్చిన యంత్రాంగానికి, అదే ద్వీపంలో ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు మనుషుల్ని పంపడానికి తీరిక లేకపోయింది.

ఇక్కడ వెటకారం చాలిస్తేనే మంచిది.

2022 ఆగస్టులో ద్వీప గిరిజన మండలి చేత అభ్యంతరం లేదనే పత్రం రాయించుకున్నారు. మళ్ళించే భూమిలో తమ పూర్వీకుల ఊళ్ళూ ఉన్నాయని తెలిశాక అదే మండలి నవంబర్‌లో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంటూ లేఖ రాసింది. ప్రాజెక్టు ఆగలేదు. అటవీ హక్కుల చట్టం కింద అందరి హక్కులూ గుర్తించి పరిష్కరించామని అదే ఆగస్టులో పాలనా యంత్రాంగం ధ్రువపత్రం ఇచ్చింది. అసలు ఆ ప్రక్రియ మొదలే పెట్టలేదని 2025లో గిరిజన మండలి కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రికి ఫిర్యాదు చేసింది. ఇందులో ఒక కాగితం అబద్ధం. అది ఏదో తేల్చడానికి శాస్త్రవేత్తలు అక్కర్లేదు. ద్వీపానికి వెళ్ళి, మీ హక్కు పట్టా చూపించండని ఒక్క కుటుంబాన్ని అడిగితే సరిపోతుంది.

అడవి లోపల షోంపెన్ అనే గిరిజనులున్నారు. 2011 జనగణన ప్రకారం 229 మంది. వాళ్ళలో ఎక్కువమంది బయటి ప్రపంచంతో సంబంధం కోరుకోరు. బయటివాళ్ళ జలుబు, తట్టు కూడా వాళ్ళ ప్రాణాలు తియ్యగలవు. ఈ ప్రాజెక్టు వాళ్ళకు మరణశిక్ష అవుతుందని 2024 ఫిబ్రవరిలో 13 దేశాలకు చెందిన 39 మంది జాతిసంహార అధ్యయన నిపుణులు రాష్ట్రపతికి లేఖ రాశారు. మూడున్నర లక్షల మందిని తెచ్చి ఆ 229 మంది చుట్టూ నింపుతామని చెబుతున్నవాళ్ళు, వాళ్ళ అనుమతి ఏ భాషలో, ఎవరి ద్వారా అడిగారో ఇంతవరకూ ప్రజలకు చెప్పలేదు. చెట్లకు పరిహారం హర్యానాలో చూపించారు. మరి షోంపెన్లకు పరిహారంగా ఏ జిల్లాలో ఎవరిని నాటుతారు? ఈ ప్రశ్న అడిగినవాళ్ళను దేశ భద్రతకు అడ్డుపడేవాళ్ళంటున్నారు. దేశమంటే ఆ 229 మంది కూడా. వాళ్ళు ఓడరేవు కన్నా, మంత్రిత్వ శాఖ కన్నా, రాజ్యాంగం కన్నా ముందు నుంచీ అక్కడున్నారు.

చింగెన్ వాళ్ళు ఈ రోజుకీ క్యాంప్‌బెల్ బే దగ్గర న్యూ చింగెన్ అనే పునరావాస కాలనీలో ఉన్నారు. అసలు చింగెన్ గలాథియా తీరానికి దగ్గర్లోనే ఉంది. కొత్త ఓడరేవు వచ్చేది అక్కడే.